ఐసు దొరకని ఆయుధపూజ

నేను ఒక సూక్ష్మదర్శినిని. విశాఖపట్నంలో, సముద్రపు గాలి తగిలే ఒక యూనివర్సిటీ భవనంలో, మేడమీద చివరి గదిలో నా కాపురం. సూక్ష్మదర్శిని అన్న పేరు పరీక్ష పేపర్లలో ఉంటుందేమో గానీ, ఎవరి నోటా నేను వినలేదు. పిల్లలు మైక్రోస్కోప్ అంటారు. నన్ను కనిపెట్టుకుని ఉండే పైడిరాజు మాత్రం "మా మిషన్" అంటాడు. వాళ్ళావిడ కుట్టుమిషన్‌నీ అలాగే అంటాడని తెలిసినప్పుడు చిన్నతనంగానే అనిపించింది. ఆలోచిస్తే దానికీ నాకూ సన్నటి దారాలతోనే కదా పని అని సరిపెట్టుకున్నాను.

నేను పుట్టింది చలిదేశంలో. నా అద్దాలు అరగదీసిన పనివాడు మహా నిదానస్తుడు. ఒక్కో అద్దాన్నీ రుద్ది, తుడిచి, వెలుతురుకి పెట్టి చూసి, పెదవి విరిచి, మళ్ళీ రుద్దేవాడు. అంత శ్రద్ధగా చేసినవాణ్ణి మళ్ళీ చూసే యోగం లేకపోయింది. చెక్కపెట్టెలో గడ్డి నడుమ పడుకుని, ఓడ కడుపులో ఊగుతూ వచ్చి విశాఖ రేవులో దిగాను. పెట్టె తెరవగానే మొహం మీద కొట్టిన ఉక్కపోతకి అద్దాలన్నీ చెమర్చాయి. అప్పటినుంచే నాకో ఏసీ గది ఏర్పాటయింది. దాన్ని నేను రాజభోగం అనుకున్నాను. ఆ రాజభోగమే ఒక పిల్ల కొంప ముంచబోయిందని తర్వాత గానీ తెలియలేదు.

మనుషుల సంగతి ఒకటి చెబుతాను. నాలోకి కొత్తగా తొంగిచూసిన ప్రతివాళ్ళకీ ముందు కనబడేది తమ కనురెప్పల వెంట్రుకలే. నా ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దాయన కూడా వాటినే చూసి, "అబ్బో, ఎన్ని పురుగులో!" అని మురిసిపోయారు. చుట్టూ ఉన్నవాళ్ళకి తెలుసు, ఆయనకి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. చప్పట్లు కొట్టారు. నేనూ ఊరుకున్నాను.

మొదట వ్యవసాయం వాళ్ళ చేతిలో పడి జీడిమామిడి ఆకుల తెగుళ్ళు చూశాను. తర్వాత డాక్టర్ల చేతికి వెళ్ళి రక్తపు చుక్కలు చూశాను. మధ్యలో కొన్నాళ్ళు ఎవరికీ అక్కర్లేక, నల్లగుడ్డ కప్పుకుని మెట్ల కింద కూర్చున్నాను. చివరికి ఎవరికో పుణ్యం పుట్టి, నాకు కొత్త కళ్ళూ రంగుల దీపాలూ అమర్చి, బతికున్న కణాల్ని చూసే పనిలో పెట్టారు. ఆ పనిలోనే ఝాన్సీ నాకు దొరికింది.

ఝాన్సీ బొబ్బిలి వైపు పిల్ల. వాళ్ళ నాన్న పెళ్ళిళ్ళకి పందిళ్ళు వేస్తాడు. ఆ పిల్ల పరిశోధనకి వచ్చి ఎంచుకున్నదీ ఒక రకం పందిళ్ళ వ్యవహారమే. ప్రతి కణంలోనూ సన్నటి గొట్టాలుంటాయి, సూక్ష్మనాళికలంటారు. కణం రూపం నిలబడేది వాటి మీద, సరుకులు మోసుకుంటూ చిన్న చిన్న కూలీలు నడిచేది వాటి మీద, కణం రెండుగా చీలే వేళ అటూ ఇటూ లాగేదీ అవే. అయితే అవి ఒక్క క్షణం కుదురుగా ఉండవు. ఒక కొస పెరుగుతూ ఉంటుంది, ఉన్నట్టుండి కుప్పకూలుతుంది, మళ్ళీ లేస్తుంది. వాటిని పట్టి ఉంచడానికి, ఇన్ని ఇటు, ఇన్ని అటు అని సర్దడానికి, పక్కపక్కన చేర్చి మోపులు కట్టడానికి వేరే ప్రోటీన్లున్నాయి. అవి నాళికల వెంబడి అంటుకుని ఉంటాయి. చదువుకున్నవాళ్ళు, ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపి, వాటిని మ్యాప్‌లని ముద్దుగా పిలుచుకుంటారు.

మెదడు కణాల్లో దొరికిన అలాంటి ప్రోటీన్ ఒకదాన్ని ఝాన్సీ పట్టుకుంది. దానికో పొడుగాటి నంబరు పేరుంటే, అది నోరు తిరక్క "పురికొస" అని పేరు పెట్టింది. "గుంజలెన్ని పాతినా పురికొస బిగించకపోతే పందిరి లేవదు రాజు గారూ" అని పైడిరాజుకి చెబుతూంటే విన్నాను. అతను నా దుమ్ము తుడుస్తూ, "ఓరి బాబో, మనలోపల ఇన్ని పందిళ్ళున్నాయేటి!" అని తన పొట్ట తడుముకున్నాడు.

ఝాన్సీ చేసే పని ఇది. మామూలు కణాల్లో నాళికలకి ఆకుపచ్చ మెరుపు తగిలించింది. పురికొసకి ఎర్ర మెరుపు తగిలించి ఆ కణాల మీద చల్లింది. కొన్ని కణాలు పురికొసని తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. ఎర్రగా ఉంటే పురికొస ఉన్న కణం, లేకపోతే లేనిది. రెండూ ఒకే గిన్నెలో ఇరుగుపొరుగుగా ఉంటాయి. ఇక పోల్చుకోవడమే.

పోలిక అదిరింది. ఎర్ర కణాల్లో ఆకుపచ్చ గీతలు దిట్టంగా కనబడ్డాయి. పక్కనున్న మామూలు కణాల్లో గీతల జాడే లేదు, ఉత్త ఆకుపచ్చ మసక. ఝాన్సీ గైడు చయనులు గారు ఆనందంతో ఉబ్బితబ్బిబ్బయ్యారు. "చూశావుటమ్మా! నీ పురికొస లేకపోతే అసలు గొట్టాలే లేవు!" అన్నారు.

చయనులు గారి గురించి చెప్పాలి. గోదావరి జిల్లా మనిషి, వెన్నలాంటి మనసు. జీవితమంతా ఎంజైముల మీద పనిచేశారు. ఎంజైములు వేడి తగిలితే చెడిపోతాయి గనక, ఆయన లోకంలో ప్రతిదీ ఐసు మీద ఉండాలి. ఎదురుపడిన శిష్యుణ్ణి "భోంచేశావా" అని అడగరు, "ఐసు మీద పెట్టావా" అని అడుగుతారు. ఆయన ప్రయోగశాల ఎదురు భవనంలో ఉంది. అక్కణ్ణుంచి నా దగ్గరికి ఏది రావాలన్నా థర్మోకోల్ పెట్టెలో, ఐసు ముక్కల మీద కూర్చుని రావలసిందే. ఝాన్సీ కణాలూ అలాగే వచ్చేవి, అత్తారింటికి పల్లకీలో వచ్చినట్టు. వచ్చాక నా చల్లటి గదిలో నా ఎదుట దిగేవి.

ఇదంతా పరిశోధనా సంఘం ముందు పెట్టిన రోజున సంఘం పెద్ద దమయంతి గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. ఆవిడ కళ్ళజోడు తీశారంటే ఎవరికో మూడిందని ఆ భవనంలో నానుడి.

"ఝాన్సీ, నాళికలు లేని మామూలు కణం ఎలా బతికిందమ్మా? ఎలా చీలింది? నువ్వు చూపిస్తున్నది జబ్బు కణం. నీ రంగులో లోపముందో, నీ చేతిలో ఉందో నాకు తెలీదు. దసరా సెలవులయ్యాక వచ్చి ఒక్క ఆరోగ్యమైన మామూలు కణాన్ని నాకు చూపించు. చూపించలేకపోతే ఈ ప్రోటీన్ పక్కన పెట్టేసి, సార్ దగ్గర మిగిలిపోయిన ఎంజైముల పని అందుకో."

 ఈ సంగతంతా ఝాన్సీ నా గదిలో కూర్చుని పైడిరాజుకి చెబుతూ ఏడ్చింది. పురికొసని ఆ పిల్ల తన చేత్తో తయారుచేసింది, తప్పినప్పుడల్లా మళ్ళీ మొదటినుంచీ కట్టుకొచ్చింది. దాన్ని వదులుకోవడమంటే మాటలా? ఆ తర్వాత గిన్నె మీద గిన్నె తెచ్చింది. రంగు మార్చింది, కణాలు మార్చింది, తిండి మార్చింది. ఐసు మాత్రం మార్చలేదు. పైగా తన చేతిలోనే లోపముందేమోనని ఇంకో రెండు గుప్పెళ్ళు ఎక్కువే వేసింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. నాకేమైనా తెలుసా అంటారేమో. నాకూ తెలీదు. నా పని చూడ్డం, ఆలోచించే భారం మీది.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది.

యూనివర్సిటీలో ఆయుధపూజ అంటే పెళ్ళంత హడావుడి. ముందురోజే యంత్రాలన్నీ ఆపి, కడిగి, పసుపు రాసి, బంతిపూల దండలు వేస్తారు. బొట్టు పెట్టించుకున్న యంత్రం ఆ రోజంతా విశ్రాంతి తీసుకోవాలి, ఎవరూ ముట్టకూడదు. లోపల ఏముందో తెలియకపోయినా సరే, ఏడాదికోసారి దానికి దండం పెట్టే మనుషులంటే నాకు మహా ఇష్టం. నాకు బొట్టు పెట్టేటప్పుడు మాత్రం పైడిరాజు ఎవర్నీ దగ్గరికి రానివ్వడు. కుంకుమ అద్దం మీద పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, తనే చిటికెనవేలితో నా మెడకి అద్దుతాడు.

ఆ రోజు పూజ అయిపోయి, పులిహోర పంచి, భవనం ఖాళీ అయిపోయింది. సెలవు గనక ఏసీలు కట్టేశారు. పైడిరాజు తాళం వెయ్యబోతూంటే ఝాన్సీ రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చింది. చేతిలో థర్మోకోల్ పెట్టె లేదు. పులిహోర తెచ్చుకున్న హాట్‌బాక్సు ఉంది.

"ఏటమ్మా ఇది? బొట్టెట్టిన మిషన్ని ఇయ్యాల ముట్టుకోకూడదు, తెలీదేటి?"

"రాజు గారూ, మీకు దండం పెడతాను. కణాలకి దసరా సెలవుల్లేవండీ. ఇవాళ చూడకపోతే రేపటికి చచ్చిపోతాయి."

"పండగపూట అదేం మాటమ్మా!" పైడిరాజు చెంపలేసుకున్నాడు. కాసేపు నా దండ వైపూ, ఆ పిల్ల మొహం వైపూ చూశాడు. "పానాలు కాపాడ్డానికంటే అమ్మోరేటీ అనుకోదులే. కానియ్యి. ఐసు పెట్టేదమ్మా మరి?"

"ఐసు మిషన్‌కి కూడా దండేశారండీ. కడిగేసి ఆరబెట్టారు, ఒక్క ముక్క లేదు. ఎండలో తేలేక దీన్లో పెట్టాను. పాడయిపోయే ఉంటాయి, అయినా చూస్తాను."

హాట్‌బాక్సుకి ఇంకా పులిహోర వెచ్చదనం పోలేదు. టేపు చుట్టిన గిన్నెని అందులోంచి తీసి నా బల్ల మీద పెట్టింది. ఆకుపచ్చ మెరుపుని చూపించే నా దీపం వెలిగించింది.

నా జన్మలో అలాంటి దృశ్యం చూడలేదు. మసక లేదు, గిసక లేదు. ప్రతి మామూలు కణంలోనూ నడిమి నుంచి అంచులదాకా సన్నటి ఆకుపచ్చ గీతలు, వందలు వందలు. కొసలు పెరుగుతున్నాయి, వెనక్కి తగ్గుతున్నాయి, మళ్ళీ పెరుగుతున్నాయి. నా అద్దాలు అరగదీసిన ఆ నిదానస్తుడు దీనికోసమే కదా అంత కష్టపడ్డాడు అనిపించి ఒళ్ళు పులకరించింది.

ఝాన్సీ మొహం మాత్రం పాలిపోయింది. ఎర్ర కణాల వైపు జరిపింది. అక్కడా గీతలే. ఇటు గీతలు, అటూ గీతలు.

"అయిపోయింది రాజు గారూ" అని కుర్చీలో కూలబడింది. "మేడమ్ అడిగిన మామూలు కణం దొరికింది. దొరికి నా కొంప ముంచింది. పురికొస ఉన్నా లేకపోయినా ఒకటేనట. ఇన్నాళ్ళూ నేను చూపించిందంతా అబద్ధమేనట."

నాకు నోరుంటే అరిచేదాన్ని. ఒకటి కాదే పిచ్చిపిల్లా! ఎర్ర కణాల్లో గీతలు విడివిడిగా లేవు, మోపులు కట్టి ఉన్నాయి. ఒక కణం ఆ మోపుని లోపలినుంచి నెట్టుకుని, పక్కకి పొడుగాటి చెయ్యి కూడా చాపింది. కానీ కళ్ళనిండా నీళ్ళున్నవాళ్ళకి నేనేం చూపించగలను?

పైడిరాజు మిగిలిన పులిహోర కాగితంలో పెట్టి ఆమె ముందుకు జరిపాడు. "తినమ్మా. ఏడిసినా తినే ఏడవాలి." ఆ పిల్ల నిజంగానే తినడం మొదలెట్టింది. నాలుగు ముద్దలు తిందో లేదో, నమలడం ఆపేసింది.

"రాజు గారూ, ఇవాళ నేనేం మార్చాను?"

"నాకేటి తెలుసమ్మా?"

"ఏమీ మార్చలేదు. ఐసు లేదు. అంతే. ఐసు లేదు, ఏసీ లేదు." లేచి నిలబడింది. వేలికి పులిహోర మెతుకులు అలాగే ఉన్నాయి. "చలికి కరిగిపోతున్నాయేమో ఇవి! చలికి కరిగిపోయినవాటిని నేను లేవనుకుంటున్నానేమో! మరి ఎర్రవాటిలో కరగలేదంటే..." మాట పూర్తి చెయ్యకుండా అతని చెయ్యి పట్టుకుంది. "నాకు ఐసు కావాలి. ఇప్పుడే కావాలి!"

"మొన్నటిదాకా ఐసుతోనే సచ్చింది కదేటి ఈ పిల్ల" అని గొణుక్కుంటూనే పైడిరాజు పరుగెత్తాడు. బీచి రోడ్డులో చెరకురసం బండి దగ్గర దొరికింది. బండివాడు "పండక్కి కూడా పరిశోధనలేంటండీ" అని నవ్వి పెద్ద ముక్క కొట్టి ఇచ్చాడట. అది సంచిలో చెమటలు కక్కుతూ వచ్చింది.

గిన్నెని ఐసు మీద కూర్చోబెట్టారు. కాసేపయ్యాక అడుగు తుడిచి మళ్ళీ నా ముందు పెట్టారు. నా అద్దానికి ఆవిరి పట్టింది, తుడిచారు. ఝాన్సీ కన్ను ఆనించింది.

మామూలు కణాల్లో గీతలన్నీ కరిగిపోయి ఉత్త మసక మిగిలింది. పక్కనే ఎర్ర కణంలో మోపులు మోపులుగా గీతలు, చెక్కు చెదరకుండా నిలబడి ఉన్నాయి. మంచుగడ్డ మీద కూర్చోబెట్టినా పురికొస పట్టు వదల్లేదు.

ఝాన్సీ కేక పెట్టింది. ఆ కేకకి కిటికీలో పావురాలు లేచిపోయాయి. తర్వాత హాట్‌బాక్సులో గోరువెచ్చని నీళ్ళు పోసి గిన్నెని వెచ్చబెట్టి చూస్తే, మామూలు కణాల్లో నడిమి నుంచి చిన్న చిన్న మొలకల్లా గీతలు మళ్ళీ బయల్దేరాయి. పైడిరాజుని పిలిచి చూడమంది. అతను కన్ను పెట్టి, "అమ్మోరి తల్లీ, లెగుస్తున్నాయి! లెగుస్తున్నాయి!" అని చిన్నపిల్లాడిలా గెంతాడు. నా మెడలో బంతిదండ జారి కింద పడింది, ఎవరూ చూసుకోలేదు.

ఫోను చేస్తే చయనులు గారు పంచెతో, నుదుట బొట్టుతో అలాగే వచ్చేశారు. చాలాసేపు చూశారు. తల ఎత్తి, "ఇన్నాళ్ళూ నీ పందిళ్ళు కూలగొట్టింది నేనుటమ్మా!" అని తల పట్టుకున్నారు. వెంటనే నవ్వు మొదలైంది. ఆయన నవ్వుకి ఝాన్సీ నవ్వు తోడై, గది గదంతా ఊగిపోయింది. "కూలగొట్టకపోతే, నీ పురికొస ఎంత గట్టిదో మనకి తెలిసేది కాదుగా?" అని మళ్ళీ ఆయనే సమర్థించుకున్నారు. మనుషుల్లో నాకు నచ్చే గుణం ఇదొకటి. తప్పు చేసి, దాన్నే ముగ్గుపిండిగా చేసుకుని ముగ్గు పెట్టుకోగలరు.

సెలవులయ్యాక దమయంతి గారు తానే నా గదికి వచ్చారు, తన దగ్గరున్న వేడిపలకతో సహా. ఫోటోలు అక్కర్లేదు, ఎదురుగా చేసి చూపించమన్నారు. ఝాన్సీ చెయ్యి ఎక్కడా తప్పలేదు. వెచ్చగా ఉన్నప్పుడు ఒకసారి, చల్లబరిచి ఒకసారి, మళ్ళీ వెచ్చబెట్టి ఒకసారి. దమయంతి గారు నా దగ్గర కూర్చుని ఎంతసేపటికీ తల ఎత్తలేదు. చయనులు గారు గుమ్మంలో నిలబడి పంటితో గోరు కొరుకుతున్నారు. నాకూ గుండె ఉంటే కొట్టుకునేదే.

చివరికి ఆవిడ ఇటు తిరిగారు. "మామూలు కణం బాగుంది. ఎర్ర కణం ఇంకా బాగుంది. ఒక్క మాట అడుగుతాను. ఇంత గట్టిగా కట్టిపడేస్తే ఆ కణం రెండుగా ఎలా చీలుతుంది? పాత పందిరి విప్పితే గానీ కొత్తది వెయ్యడం కుదరదు కదా?"

 ఝాన్సీ సార్ వైపు చూసింది, ఆయన నేల వైపు చూశారు.

"తెలీదు మేడమ్" అంది ఝాన్సీ. "ఎర్ర కణం చీలడం నేనింకా చూళ్ళేదు. చీలకపోతే అదీ చెబుతాను."

దమయంతి గారి మొహంలోకి మెల్లగా నవ్వొచ్చింది. "ఆ మాట కోసమే అడిగాను. పురికొస నీ దగ్గరే ఉంచుకో. చయనులు గారూ, మీ ఎంజైములకి ఇంకెవర్నైనా చూసుకోండి."

"చూసుకోడమెందుకండీ, నేను లేనూ?" అన్నారాయన, పెళ్ళిచూపుల్లో ఒప్పేసుకున్న పిల్లాడి మొహం పెట్టి.

ఇక చెప్పేదేముంది? ఝాన్సీ దమయంతి గారి కాళ్ళకి దండం పెట్టబోయింది, ఆవిడ వారించారు. పైడిరాజు కాజాలు తెప్పించానని కబురు పెట్టాడు. అంతా గోలగోలగా కిందికి దిగారు. ఆ సంతోషంలో గిన్నె తియ్యడం మరిచారు, వేడిపలక కట్టెయ్యడం మరిచారు, నా దీపం ఆర్పడమూ మరిచారు. దీపం ఊరికే వెలుగుతూంటే నాకు మామూలుగా ఒళ్ళు మండుతుంది. ఆ రోజు మండలేదు.

గదిలో ఎవరూ లేరు. నా కంటి ఎదుట ఒక ఎర్ర కణం ఉంది. అది మెల్లగా గుండ్రమైంది. నాళికల వెంబడి అంటుకున్న ఎరుపు, ఎవరో చెవిలో చెప్పినట్టు, ఒక్కొక్క చోటా పట్టు వదిలి పక్కకి తప్పుకుంది. మోపులు విడిపోయాయి. విడిపోయిన నాళికలు రెండు వైపులకీ చేరి, నడుమ ఉన్న జన్యువుల మూటని చెరిసగం పంచుకుని, అటూ ఇటూ లాగడం మొదలుపెట్టాయి. కణం నడుము సన్నబడింది. కింద కాజాల దగ్గర అందరికన్నా గట్టిగా ఝాన్సీ నవ్వు వినబడుతోంది. ఒకటి రెండయింది. రెండింటిలోనూ నాళికలు లేచాయి, ఎరుపు తిరిగి వచ్చి వాటిని పట్టుకుంది.

కట్టాల్సినప్పుడు కడుతుంది, విప్పాల్సినప్పుడు విప్పుతుంది. దమయంతి గారి ప్రశ్నకి జవాబు ఈ లోకంలో ప్రస్తుతానికి నా ఒక్కదానికే తెలుసు. చెప్పడానికి నోరు లేదు, ఉన్నా చెప్పను. మెట్ల మీద అడుగుల చప్పుడవుతోంది. దీపం సంగతి గుర్తొచ్చినట్టుంది, ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వస్తోంది. దీపం ఆర్పే ముందు ఒక్కసారి కన్ను ఆనిస్తుంది, ఆ అలవాటు నాకు తెలుసు. పక్కనే ఇంకో ఎర్ర కణం అప్పుడే గుండ్రమవుతోంది.